ఫోటోలు మింగే కంప్యూటర్

"ఈ కళ్ళజోడు పెట్టుకుంటే మా అమ్మమ్మకి లోకమంతా మసగ్గా కనిపిస్తోందట! షాపు పెట్టగానే సరిపోదు, పని కూడా సరిగ్గా చెయ్యాలి!"

ఆ గొంతుకి షాపులో ఫ్రేములు చూసుకుంటున్నవాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. పాపం, ఆ అమ్మాయి తప్పేం లేదు. ఆమె పిల్లలకి ఈత నేర్పే టీచరు. కొలనుకి ఈ చివర నిలబడి అరిస్తే ఆ చివర నీళ్ళలో కాళ్ళు కొట్టుకుంటున్న పిల్లలకి వినపడాలి. అలా తయారైన గొంతు అది.

కళ్ళజోళ్ళ అబ్బాయి మాత్రం చలించలేదు. రోజంతా "ఇప్పుడు బాగుందా? ఇందాక బాగుందా?" అని అడిగి అడిగి అతనికి ఎక్కడలేని ఓపిక వచ్చేసింది. కళ్ళజోడు అందుకుని వెలుతురుకి ఎత్తి చూశాడు. ఎడమ అద్దం మీంచి పల్చటి స్టిక్కర్ ఒకటి, కుడి అద్దం మీంచి ఇంకొకటి గోటితో ఒలిచి కౌంటర్ మీద పెట్టాడు.

"ఇవి తీసేసి పెట్టుకోవాలండీ."

అమ్మాయి నాలుక కరుచుకుంది. కానీ ఓడిపోయే రకం కాదు.

"ఆ మాట ముందే చెప్పాలిగా?"

"చెప్పాను. అప్పుడు మీరు బయట ఎవరితోనో పార్కింగ్ గురించి గొడవ పడుతున్నారు."

"గొడవేం కాదు. మాట్లాడుతున్నాను."

"ఓహో, అది మాట్లాడటమా!"

ఆమె విసురుగా వెళ్ళిపోయింది. వెళ్ళిపోతే కథ అక్కడే అయిపోయేది. కానీ కొద్దిరోజులకే మళ్ళీ వచ్చి, ముక్కు దగ్గర బిగుతుగా ఉందంది. అతను సర్దిచ్చాడు. ఇంకొన్నాళ్ళకి వచ్చి, చెవి దగ్గర వదులైందంది. అదీ సర్దిచ్చాడు.

"మీ అమ్మమ్మగారి ముక్కూ చెవులూ ఇలా మాటిమాటికీ మారిపోతుంటాయా?" అనడిగాడు.

"పెద్దవాళ్ళు కదా," అంది ఆమె, ఎటో చూస్తూ.

ఆ తర్వాత ఓ మధ్యాహ్నం వానలో తడిసి ముద్దయి వచ్చింది.

"ఇవాళ ముక్కా, చెవా?" అన్నాడు నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. రెయిన్‌కోటు లోపల్నుంచి ఓ పాత కెమెరా తీసింది. "మా మావయ్యది. వయసులో నాకన్నా కాస్తే చిన్నది. తెర పగిలిపోయింది. లోపల కార్డు చూడండి, బిస్కెట్టంత ఉంది! దీన్ని పెట్టడానికి కన్నమే లేదంటున్నారు, ఏ షాపుకెళ్ళినా."

"ఫోన్‌తో తియ్యొచ్చుగా?"

"ఫోన్ కొలనులో పడిపోయింది."

"మీరు ఈత టీచరు కదా?"

"నాకొచ్చు. దానికి రాదు."

అతనికి నవ్వాగలేదు. కానీ ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి ఆపుకున్నాడు. స్టూలు జరిపి కూర్చోమన్నాడు. ఆమె చెప్పింది.

వాళ్ళ అమ్మమ్మకీ, అమ్మమ్మ చెల్లెలికీ ఒక కుట్టుమిషన్ దగ్గర తగువొచ్చింది. వాళ్ళమ్మ వదిలిపోయిన మిషన్ ఒకటి, కూతుళ్ళు ఇద్దరు. కోపంలో అమ్మమ్మ కత్తెర తీసుకుని, చిన్నప్పుడు ఇద్దరూ కలిసి దిగిన ఒకే ఒక్క ఫోటోలోంచి చెల్లెల్ని కత్తిరించేసింది. అప్పట్నుంచీ మాటల్లేవు. ఏళ్ళు గడిచిపోయాయి. మొన్న ఆదివారం చిన్నమ్మమ్మే తనంతట తాను వచ్చింది. ఇద్దరూ సోఫాలో పక్కపక్కన కూర్చుని ఏడ్చారు, నవ్వారు, మళ్ళీ ఏడ్చారు. ఫోటో తియ్యమంటే ఈమె ఆ కెమెరాతోనే తీసింది.

"వెళ్ళేటప్పుడు చిన్నమ్మమ్మ ఏమందో తెలుసా? 'ఈసారి కత్తిరించకుండా పంపించు, అప్పుడు నమ్ముతాను' అంది. నవ్వుతూనే అందిలెండి. కానీ ఇప్పుడు ఫోటో రాలేదంటే నమ్ముతుందా? 'మళ్ళీ కత్తిరించేసింది' అంటుంది. 'నన్నే అనుమానిస్తావా' అని మా అమ్మమ్మ లేస్తుంది. ఇంక ఈ జన్మకి అంతే."

అతను కెమెరా అందుకుని లోపల కార్డు చూశాడు. "మా ఇంట్లో ఓ కంప్యూటర్ ఉంది. బాగా పాతది. దానికి అన్ని రకాల కన్నాలూ ఉన్నాయి. కాకపోతే ఈ సాయంత్రమే ఎక్స్‌ఛేంజ్ వాళ్ళు వచ్చి పట్టుకుపోతారు. కొత్తది కొనేశాం."

"ఆ మాట ఇంత తీరిగ్గా చెబుతారేంటి? నడవండి!"

షాపు ఓనరు ఏదో అనబోయాడు కానీ, ఆ గొంతు విని ఊరుకున్నాడు.

ఇంట్లో హాలు మధ్యలో కొత్త కంప్యూటర్ అట్టపెట్టె ఉంది. దాని పక్కనే కుర్చీ వేసుకుని అబ్బాయి తండ్రి, దాంతో వచ్చిన పుస్తకం చదువుకుంటున్నాడు. సంగతంతా విని తల అడ్డంగా ఊపాడు.

"పాతదాంట్లో వెయ్యకమ్మా. అది ఫోటోలు మింగేస్తుంది. కొన్నేళ్ళుగా ఏం ఎక్కించినా మాయం! అందుకేగా మార్చేస్తున్నాం."

"మింగేస్తుందా?" అమ్మాయి కెమెరాని మళ్ళీ రెయిన్‌కోటులోకి దాచేసింది.

"నాన్నకి వాడటం రాదండీ," అన్నాడు అబ్బాయి గుసగుసగా.

మీద కప్పిన గుడ్డ తీసి బటన్ నొక్కాడు. లోపల ఫ్యాను పెద్దగా రొద మొదలుపెట్టింది. తెర వెలగడానికి చాలాసేపు పట్టింది. వెలిగి చిన్న పాట వినిపించగానే వంటింట్లోంచి తల్లి కేకేసింది.

"హ్యాపీ న్యూ ఇయర్ రా!"

"హ్యాపీ న్యూ ఇయర్," అన్నాడు తండ్రి, పుస్తకంలోంచి తలెత్తకుండానే.

"సేమ్ టు యూ," అన్నాడు కొడుకు.

అమ్మాయి కిటికీలోంచి బయటికి చూసింది. జోరున వాన. ఇది ఏడాది మధ్య అన్న సంగతి ఆమెకి ఖాయంగా తెలుసు. ఈ ఇంట్లో అందరికీ కాస్త తేడా ఉన్నట్టుంది అనుకుంది, కానీ అవసరం తనది కాబట్టి పైకి అనలేదు.

కార్డు సరిగ్గా పట్టింది. తెర మీద ఆకుపచ్చ గీత నింపాదిగా పాకడం మొదలుపెట్టింది.

"ఫోటోలు మీరు తెరవకండి. నేనే చూసుకుంటాను," అంది అమ్మాయి.

"ఏం?"

"ముందు అమ్మమ్మే చూడాలి." ఆ మాట అంటుంటే ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఎందుకో అతనికి అర్థం కాలేదు కానీ, చూడ్డానికి బాగున్నాయి.

తల్లి తువ్వాలు తెచ్చిచ్చింది. అమ్మాయి తల తుడుచుకుంటూ, కొలనులో మొదటిరోజు పిల్లలు తన మెడ పట్టుకుని ఎలా వేలాడతారో చెప్పసాగింది. చెబుతూ తడిజుట్టు చెవి వెనక్కి తోసుకుని నవ్వింది. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ ఏదో అడిగింది. ఆ సమయంలో అది ఏం అడిగినా అతను అవుననే అనేవాడు. అవునని నొక్కేశాడు.

ఆకుపచ్చ గీత పూర్తయింది. ఫోటోల జాబితా తెరిచారు. అందులో కొత్త తారీఖులు పైన, పాతవి కింద ఉంటాయి. పైన ఇవాల్టి తారీఖు లేదు. నిన్నటిది లేదు. ఆ నెలదే లేదు. కార్డు తెరిచి చూశారు. ఖాళీ.

"ఇందాక అదేదో అడిగింది," అంది అమ్మాయి మెల్లిగా. "ఏమడిగింది?"

"కార్డులో ఉన్నవి తుడిచెయ్యనా అని... అనుకుంటా."

"చూడకుండా నొక్కేశారా?"

"చూస్తూనే నొక్కాను."

"దేన్ని చూస్తూ?"

"మిమ్మల్ని," అనేశాడు.

మనసులో మాట బయటపెట్టడానికి ఇంతకన్నా దిక్కుమాలిన ముహూర్తం దొరకదు. ఆమె అరుస్తుందనుకున్నాడు. అరిచినా బాగుండేది. ఆమె ఖాళీ తెర వైపే చూస్తూ, పక్కనున్నవాడికి కూడా సరిగ్గా వినపడనంత మెల్లగా అడిగింది.

"ఇప్పుడు అమ్మమ్మకి నేనేం చెప్పను?"

అతనికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఇంతలో తలుపు చప్పుడైంది. ఎక్స్‌ఛేంజ్ మనిషి గొడుగు ముడుస్తూ లోపలికొచ్చాడు. "ఆపేసి వైర్లు పీకెయ్యండి సార్, బండి బయటుంది."

"ఇవ్వను," అన్నాడు అబ్బాయి, కంప్యూటర్‌కి అడ్డంగా నిలబడి.

"ఒరేయ్, మింగేస్తుందని చెప్పానా లేదా?" అన్నాడు తండ్రి.

"మింగితే కక్కిస్తాను. అప్పటిదాకా దీన్ని ఎవరూ ముట్టుకోడానికి వీల్లేదు!"

తల్లి వేడివేడి టీ తెచ్చి అమ్మాయి చేతిలో పెట్టింది. భుజం మీద చెయ్యేసి, ఏం చెప్పాలో తెలియక అలవాటుకొద్దీ ఇంట్లో జోకే వేసింది. "కొత్త సంవత్సరం పూట ఏడవకూడదమ్మా."

అమ్మాయికి ఒళ్ళు మండింది. "వానాకాలంలో కొత్త సంవత్సరం ఏంటి ఆంటీ? ఇందాకట్నుంచీ చూస్తున్నాను!"

"అది మా ఇంటి పిచ్చిలేమ్మా," అంది తల్లి నొచ్చుకుంటూ. "దీని లోపల చిన్న బ్యాటరీ ఏదో చచ్చిపోయిందట. ఆపి వేసినప్పుడల్లా ఎప్పటిదో పాత సంవత్సరంలో జనవరి ఒకటికి వెళ్ళిపోతుంది. అందుకే వెయ్యగానే అందరం అలా చెప్పుకుంటాం. అలవాటైపోయి, అంటున్నామన్న సంగతే మాకు గుర్తుండదు."

అమ్మాయి టీ కప్పు కింద పెట్టేసింది.

"అంటే దీని లెక్కలో ఇవాళ జనవరి ఒకటా?"

"రోజూ అంతే."

"ఎక్కించిన ఫోటోలని ఏ తారీఖు కింద దాస్తుంది?"

"ఎక్కించిన రోజు తారీఖు..." అంటూనే అబ్బాయి గిర్రున తెర వైపు తిరిగాడు.

ఇంటిల్లిపాదీ ఇన్నేళ్ళుగా శుభాకాంక్షలు చెప్పుకుంటూనే ఉన్నారు, ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. ఆమె మౌస్ లాక్కుంది. జాబితా కిందికి, ఇంకా కిందికి, ఆ కంప్యూటర్ కొన్ననాటి ఫోటోలు కూడా దాటించి అట్టడుక్కి దించింది. అక్కడుంది జనవరి ఒకటి. దాని మీద నొక్కింది.

ముందుగా సముద్రం కనిపించింది. అలల్లో చెప్పులు చేత్తో పట్టుకుని నవ్వుతున్న అబ్బాయి తల్లి. తండ్రి పుస్తకం పక్కన పడేసి లేచొచ్చాడు. "ఇదేగా పోయిందన్నావు!"

"నేనెక్కడన్నాను, మీరేగా అన్నది!"

మాయమైందనుకున్న ప్రతి ఫోటో అక్కడే ఉంది. వాటి తర్వాత సోఫా వచ్చింది. సోఫాలో ఇద్దరు ముసలివాళ్ళు, ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, కళ్ళు మూసుకుపోయేంతగా నవ్వుతున్నారు.

అమ్మాయి కుర్చీలో కూలబడి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. "ఉన్నారు. ఇద్దరూ ఉన్నారు." ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. అబ్బాయి అక్కడే నేల మీద కూర్చున్నాడు. తండ్రి ఆనందం పట్టలేక ఎక్స్‌ఛేంజ్ మనిషికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

"తర్వాతది చూద్దాం," అని తల్లి బాణం గుర్తు నొక్కింది.

"ఆంటీ, వద్దు!"

అప్పటికే వచ్చేసింది. వాన చుక్కలు పడ్డ షాపు అద్దం, దాని వెనక కళ్ళజోడు వెలుతురుకి ఎత్తి చూస్తున్న అబ్బాయి. ఆ తర్వాత ఓ పిల్లాడికి ఫ్రేము పెడుతున్న అబ్బాయి. ఆ తర్వాత ఆవలిస్తున్న అబ్బాయి.

"ఇది మనవాడు కదండీ?"

"ఇదీ మనవాడే," అన్నాడు తండ్రి, మెడ సాచి.

అబ్బాయి నేల మీంచి తలెత్తి చూశాడు. "అందుకా తెరవొద్దన్నారు?"

"కెమెరా పనిచేస్తుందో లేదోనని టెస్ట్ చేశాను."

"ఇన్నిసార్లా?"

"పాత కెమెరా కదా. బాగా టెస్ట్ చెయ్యాలి."

తల్లిదండ్రులిద్దరికీ ఉన్నట్టుండి వంటింట్లో పనిపడింది. "నేను రేపు రానా సార్?" అని ఎక్స్‌ఛేంజ్ మనిషి కూడా గొడుగు తీసుకుని జారుకున్నాడు.

"మరి మీ అమ్మమ్మగారి ముక్కు?" అన్నాడు అబ్బాయి.

"ఆవిడ ముక్కుకేం రోగం? కళ్ళజోడు మొదట్నుంచీ బాగానే ఉంది. నేనే వంచి తెచ్చేదాన్ని," అంది ఆమె తల దించుకుని. "ఊరికే ఎలా వస్తాను మరి?"

దారిలో ఫోటో ప్రింటు తీయించి, చీకటి పడకముందే ఇద్దరూ అమ్మమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ ఫోటోని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. చెల్లెలి ముఖం మీద వేలితో నిమిరింది. తర్వాత తలెత్తి, గుమ్మం దగ్గర తడిబూట్లతో నిలబడ్డ అబ్బాయిని కిందనుంచి పైదాకా చూసింది. మనవరాలి ముఖం వైపూ ఓ చూపు చూసి, ఏమీ అడక్కుండా ఫోన్ అందుకుంది.

"ఏమే, ఫోటో వచ్చింది. ఇద్దరం ఉన్నాం, నిక్షేపంలా ఉన్నాం. రేపే పంపిస్తాను... ఆగాగు, పెట్టెయ్యకు. ఇంకో సంగతి. మన పిల్ల ఒక అబ్బాయిని వెంటబెట్టుకొచ్చింది... ఆఁ, అలాంటిదే... నాకు బాగానే ఉన్నాడు. కానీ అన్నీ నేనొక్కదాన్నే తేల్చేస్తానని అనేదానివిగా? ఈసారి తేల్చను. నువ్వొచ్చి చూడు. నువ్వు సరేనంటేనే సరే."

అవతల నుంచి ఏదో గబగబా వినిపించింది. అమ్మమ్మ నవ్వుతూ, కొంగుతో కళ్ళొత్తుకుంటూ ఫోన్ పెట్టేసింది.

"బట్టలు సర్దుకుంటోందట," అంది మనవరాలితో. తర్వాత గుమ్మం వైపు తిరిగింది. "బూట్లు విప్పి లోపలికి రా నాయనా. అది వచ్చేలోగా నీ గురించి నాలుగు మంచి మాటలు నేర్చుకోవాలి నేను."