ఫుస్సుమన్న ఈల

నోట్లో దూది, పెదవి మూలకి వేలాడుతున్న గొట్టం, కళ్ళల్లోకి సూటిగా కొడుతున్న లైటు. మనిషి ఇంతకంటే దిక్కులేకుండా ఉండే చోటు ఇంకోటి ఉండదు. సరిగ్గా ఆ చోట, నోరు తెరిచి ఉండి కూడా ఒక్క ముక్క మాట్లాడలేని సమయంలో, ఆ డాక్టరమ్మ మా పెద్దన్న మీద నోరు పారేసుకుంది.

పెద్దన్న నా సొంత అన్న కాదు. మా ఊరి టీమ్‌లో అందరికంటే పాతకాపు, బాస్కెట్‌బాల్ కెప్టెన్. నలభై దాటినా ఇంకా ఆడుతున్నాడు కాబట్టి ఊరంతా అలాగే పిలుస్తుంది. ఆ పొద్దున్నే టీవీలో చెప్పాడు: శనివారం ఆఖరి మ్యాచ్, ఆ తర్వాత రిటైర్మెంట్.

నేను లోపలికి వచ్చేటప్పటికి బయట వెయిటింగ్ హాల్లో ఒకాయన వాచిన దవడ పట్టుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. పంటి కోసమో పెద్దన్న కోసమో తెలీదు. పక్కనున్నావిడ మాత్రం కరగలేదు. "పోయినేడాది కూడా ఇలాగే వెళ్ళిపోతానని ఏడిపించాడు. నా వాటా ఏడుపు అప్పుడే అయిపోయింది" అంటోంది.

లోపల డాక్టరమ్మ నా ముందుపన్ను కెలుకుతూ తాపీగా అంది.

"రెండేళ్ళ క్రితమే మానెయ్యాల్సింది. ఆ మోకాళ్ళతో ఇంకా ఏం ఆడతాడు, పాపం."

"ఆఁ... ఊఁహూఁ" అన్నాను. అలా అనకండి అని దానర్థం.

"నొప్పిగా ఉందా? కొంచెం మత్తిస్తాను." సూది పొడిచింది.

"ముందుకు పరిగెడితే వెనక్కి రాలేడు. బంతి చేతికొస్తే పక్కవాడికివ్వడు. నేరుగా విసిరెయ్యడమే."

"ఊగ్గ... ఆగ్గ" అన్నాను. ఆయన విసిరినవి ఎన్ని పడ్డాయో మీకేం తెలుసు అని అడిగాను నిజానికి.

"ఇంకా నొప్పేనా? మీకు మత్తు తొందరగా ఎక్కేలా లేదు." ఇంకో సూది.

ఆ తర్వాత నేను ఆయన్ని సమర్థించడం మానేశాను. అప్పటికే నా ముక్కు నాది కాకుండా పోయింది. ఇంకో మాట అంటే చెవులు కూడా పోయేలా ఉన్నాయి.

పని సగమయ్యాక దూది తీసి అడిగింది. "ఈ పన్ను విరిగి చాలా కాలమైనట్టుందే?"

"చిన్నప్పుడు. సైకిల్ మీంచి పడ్డా" అన్నాను. నాకు వినిపించింది మాత్రం "షిన్నప్పుదు" అని.

"లోపల చీము పట్టింది. శుభ్రం చేసి క్యాప్ వేసేస్తాను. ఆ సందు కూడా మూసుకుపోతుంది, చక్కగా నవ్వొచ్చు."

నేను కుర్చీలో లేచి కూర్చున్నాను. "శందు మూయొద్దు."

"ఎందుకు?"

"ఈల. ఆ శందులోంచే వస్తుంది."

ఆవిడ చేతిలో పనిముట్టు ట్రేలో పెట్టేసింది. "ఏ ఈల?"

"మ్యాష్‌లో. పెద్దన్నకి."

"దక్షిణం వైపు స్టాండ్‌లో, పైనుంచి రెండో వరుసలో?"

తలూపాను. గర్వంగానే ఊపాను, చొంగ కారుతున్నా.

ఆవిడ మాస్కు కిందికి లాగింది. ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు. తల వెనకభాగం మాత్రం బాగా తెలుసు. ఎన్నో సీజన్లుగా నా ముందు వరుసలో కూర్చునే ఆ ఒత్తు జుట్టు, ఆ పచ్చ క్లిప్పు. ముందునుంచి ఇంత బాగుంటుందని వెనకనుంచి ఎలా తెలుస్తుంది చెప్పండి.

"మీరేనా మహానుభావులు" అంది. "నా ఎడమ చెవి సరిగ్గా వినపడదు, మీ పుణ్యమా అని. అది పోనివ్వండి. మీరు ఈల వెయ్యగానే ఆయన బంతి విసిరేస్తాడు. పక్కన కుర్రాళ్ళు ఖాళీగా నించుని చేతులూపుతుంటారు, వాళ్ళ వంక చూడడు. ఎన్ని మ్యాచ్‌లు పోయాయో."

"అంటే నా మాట వింటాడన్నమాట."

"అదేనా మీకు వినపడింది?"

అదే వినపడింది. నేను లిఫ్టులు రిపేరు చేసే మెకానిక్‌ని. రోజంతా చీకటి గొట్టాల్లో తాడు పట్టుకుని వేలాడుతుంటాను. నా మాట వినేవాళ్ళు ఎవరూ లేరు, ఆఖరికి లిఫ్టులు కూడా వినవు. నిండా జనమున్న హాల్లో నా ఈల విని బంతి విసిరే మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన శనివారం వెళ్ళిపోతున్నాడు. ఈల లేకుండా ఆయన్ని ఎలా పంపించడం?

ఇదంతా ఆవిడతో చెప్పాను, మొద్దుబారిన మూతితో. ఎంత అర్థమైందో గాని ఆవిడ చిన్న అద్దం పెట్టి నా పన్ను మళ్ళీ చూసింది.

"మూయకుండా వదిలేస్తే పన్నే దక్కదు. అది మాత్రం కుదరదు" అంది చివరికి. "క్యాప్ వేశాక ఈల వచ్చేలా అరగదీసి చూద్దాం. అంతవరకు నాది పూచీ."

క్యాప్ వేసింది. అద్దంలో చూసుకున్నాను, సినిమా హీరోలా ఉన్నాను. ఈల వేశాను.

ఫుస్.

ఆ వారమంతా పని అవ్వగానే క్లినిక్‌కి పరిగెత్తడమే నా ఉద్యోగం. ఆవిడ ఇంత అరగదీసేది, నేను ఊదేవాణ్ణి. ఒకరోజు ఫుస్. ఒకరోజు ఫిస్. ఒకరోజు గొర్రెపిల్ల అరిచినట్టు ఏదో వచ్చింది, ఇద్దరం ఆశపడ్డాం, మళ్ళీ రాలేదు.

"నాలుక కొంచెం పైకి పెట్టండి."

"పెట్టాను."

"అది పైకి కాదు, పక్కకి. ఇలా చూడండి." ఆవిడే మాస్కు దించి మూతి సున్నాలా చుట్టి చూపించేది. నేను నాలుక సంగతి మర్చిపోయేవాణ్ణి.

బయట కౌంటర్లో కూర్చునే ముసలాయన ఆవిడ నాన్నగారు. ప్రతి ఊదుడికీ తలుపు తోసుకుని వచ్చేవాడు.

"అమ్మాయ్, ఇది క్లినిక్కా, రైల్వే ప్లాట్‌ఫారమా? బయట పేషెంట్లు హడలిపోతున్నారు."

"ట్రీట్‌మెంట్ నాన్నా."

"ఏ జబ్బుకి?" అని నన్ను ఎగాదిగా చూసి వెళ్ళేవాడు.

శుక్రవారం సాయంత్రం ఆవిడ పనిముట్లు కడిగి పక్కన పెట్టేసింది. "ఇంక అరగదీస్తే క్యాప్ పగిలిపోతుంది. సారీ అండి. రాదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. రేపే మ్యాచ్. "మీకు కావల్సింది అదేగా" అనేశాను. "ఆయన పోవాలి, నా ఈల పోవాలి. రెండూ ఒకేసారి కుదిరాయి మీకు."

ఆవిడ ముఖం ఎర్రబడింది. "ఆయన ఆటంటే నాకు ప్రాణం. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగుతాడు, మీరెప్పుడైనా చూశారా? మీరు బంతి పడిందా లేదా అని చూస్తారు. నేను ఆయన్ని చూస్తాను. అందుకే మానెయ్యమన్నాను. ఇంక మీ పన్ను సంగతంటారా, పళ్ళ విషయంలో నేను ఎవరినీ మోసం చెయ్యను. వెళ్ళండి."

వెళ్ళాను. వర్షం పడుతోంది. గొడుగు క్లినిక్‌లోనే మర్చిపోయాను. దాని కోసం మళ్ళీ లోపలికి వెళ్ళే ముఖం లేక తడుస్తూనే ఇంటికి పోయాను.

శనివారం హాలు కిటకిటలాడింది. సగం మంది "వెళ్ళొద్దు" అని బోర్డులు పట్టుకున్నారు. సగం మంది "హాయిగా వెళ్ళు" అని పట్టుకున్నారు. ఒకాయన ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి రాసుకొచ్చి, పెద్దన్న బుట్టలో వేస్తే ఒకటి, గురి తప్పితే ఇంకోటి తిప్పుతున్నాడు.

నా ముందు వరుసలో ఆ పచ్చ క్లిప్పు ఉంది. పక్కనే వాళ్ళ నాన్నగారు. ఆవిడ వెనక్కి తిరగలేదు.

మొట్టమొదటిసారి నేను బంతి వంక కాకుండా పెద్దన్న వంక చూశాను. నిజమే. ఆట ఆగిన ప్రతిసారీ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోతున్నాడు. లేచేటప్పుడు ముఖం ఎవరికీ కనపడకుండా పక్కకి తిప్పుకుంటున్నాడు. ఇన్నేళ్ళు ఏం చూశానో నాకే తెలీదు.

ఆఖరి క్షణాలు. మేం ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి పెద్దన్న చేతిలో ఉంది. బుట్ట కింద మా కుర్రాడొకడు ఖాళీగా నించుని రెండు చేతులూ చాపాడు.

స్టాండ్ మొత్తం నా వైపు తిరిగింది. "వెయ్యి బాబూ వెయ్యి" అని ఎవరో నా వీపు చరిచారు.

ఊపిరంతా పీల్చి ఊదాను.

ఫుస్.

మళ్ళీ ఊదాను. మళ్ళీ అదే. నాకు కళ్ళల్లో నీళ్ళు వచ్చేశాయి. అప్పుడు పచ్చ క్లిప్పు వెనక్కి తిరిగింది. డాక్టరమ్మ నన్నొకసారి చూసింది, నా తడి కళ్ళు చూసింది. కోర్టు వైపు తిరిగి రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుంది.

దాన్ని ఈల అనడానికి మనసొప్పదు. సన్నగా మొదలై మధ్యలో రెండుసార్లు విరిగి కీచుమంటూ తేలింది. కానీ హాలంతా వినపడింది.

పెద్దన్న ఉలిక్కిపడి బంతి విసిరాడు. అది బుట్టనీ తాకలేదు, బోర్డునీ తాకలేదు. ఫొటోలు తీసేవాళ్ళ మధ్యలో పడింది. బజర్ మోగింది. ఓడిపోయాం.

కింద వరుసల్లోంచి ఎవరో అరిచారు. "ఈల వేసిన ప్రబుద్ధుడెవడ్రా? కుర్రాడు ఖాళీగా ఉన్నాడు కదరా."

డాక్టరమ్మ ముఖం తెల్లబోయింది. వేళ్ళు ఇంకా పెదవుల దగ్గరే ఉన్నాయి.

నేను లేచి నించున్నాను. "నేనే."

ఇన్నేళ్ళు నా భుజం తట్టిన వాళ్ళంతా తిట్లు లంకించుకున్నారు. ఒకాయన బోర్డు విసిరాడు. "హాయిగా వెళ్ళు" అన్నవైపు నా మీద పడింది.

"ఆయన కాదు, నేను వేశాను" అంటూ డాక్టరమ్మ కూడా లేచింది.

"కూర్చోండి మీరు" అన్నాను.

"మీరు కూర్చోండి. మీకు ఫుస్ కంటే ఏం వచ్చింది?"

మేం అలా కొట్లాడుకుంటుండగానే జనం ఒక్కసారిగా చప్పబడ్డారు. పెద్దన్న మెట్లెక్కి వస్తున్నాడు. ఒక్కో మెట్టూ రెయిలింగ్ పట్టుకుని ఎక్కుతున్నాడు. అభిమానులందరితో చేతులు కలుపుతూ మా వరుస దాకా వచ్చాడు.

"ఎప్పుడూ ఈల వేసేది నువ్వేనా బాబూ?"

"నేనే అన్నా."

"నువ్వా." ఆయన నుదురు తుడుచుకున్నాడు. "టైమ్ అయిపోతోందని స్కోర్ టేబుల్ దగ్గర ఎవరో మనవాడు ఈల వేసి హెచ్చరిస్తున్నాడనుకునేవాణ్ణి. అది వినపడగానే గుండె ఝల్లుమని, అటూ ఇటూ చూడకుండా విసిరేసేవాణ్ణి. ఇన్నేళ్ళూ అదే భయం నాకు."

డాక్టరమ్మ నా వంక చూసింది. నేను నేల వంక చూశాను.

"మరి ఇవాళ్టిది?" అని అడిగాడు. "ఇది వేరే ఈల."

ఆవిడ చెయ్యెత్తింది, క్లాసులో పిల్లలా. "క్షమించండి. మీ ఆఖరి మ్యాచ్ పోగొట్టాను."

"పోతే పోయింది తల్లీ. అది వినగానే నవ్వొచ్చింది నాకు. నవ్వుతూ వేశాను, అందుకే అంత దూరం పోయింది." ఇప్పటికీ ఆయన భుజాలు కదులుతూనే ఉన్నాయి. "కోర్టులో నవ్వి ఎన్నేళ్ళయిందో."

ఆయన వెళ్ళిపోయాడు. హాలు మెల్లగా ఖాళీ అయింది. మేం మాత్రం కదల్లేదు. డాక్టరమ్మ ముక్కు ఎగబీలుస్తోంది.

"ఇంకొక్క సీజన్ ఆడితే ఏం పోయింది ఆయనకి?" అంది. "ఇలా వెళ్ళకూడదు."

"ఊరుకోండి. మెట్లెక్కడం చూశారుగా. చాలు, ఇంక కూర్చోనివ్వండి ఆయన్ని."

"మీరేనా అంటున్నది?"

"మీరేనా ఏడుస్తున్నది?"

ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నాకు మాత్రం అప్పుడే భయం పట్టుకుంది. పెద్దన్న లేడు. ఈ స్టాండ్‌కి ఇంక ఎవరొస్తారు? ఆవిడెందుకొస్తుంది?

"నిన్నటి మాటలకి నన్ను నాలుగు తిట్టండి" అన్నాను. "కానీ ఒకటి చెప్పాలి. నేనింక ఆయన కోసం దిగులు పడటం లేదు. రేపటినుంచి మిమ్మల్ని ఎక్కడ చూడాలా అని దిగులుగా ఉంది. క్లినిక్‌కి రావడానికి పన్ను కూడా బాగైపోయింది."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. తల వంచి, పచ్చ క్లిప్పు తీసి మళ్ళీ పెట్టుకుంది. బాగా పెట్టుకోవడానికి ఎంత సేపు పట్టిందో.

"అయితే పన్ను కోసం రాకండి" అంది.

పక్క సీట్లోంచి వాళ్ళ నాన్నగారు గొంతు సవరించుకున్నాడు. ఆయన ఉన్నాడన్న సంగతే మర్చిపోయాం ఇద్దరం.

"బాబూ, ఆ కౌంటర్లో నేను కూర్చోబట్టి చాలా కాలమైంది" అన్నాడు. "నాకూ మోకాళ్ళు నొప్పులే. నన్నెవరూ ఎప్పుడు మానేస్తావని అడగరు. మా అమ్మాయిని ఒక్కదాన్ని వదిలి ఎలా మానేస్తాను?"

నా వంకా, వాళ్ళ అమ్మాయి వంకా చూశాడు. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచాడు.

"రేపు మధ్యాహ్నం మీ పెద్దవాళ్ళని తీసుకుని ఇంటికి రా. కుదిరితే నేనూ రిటైరవుతాను."