కండక్టర్‌కి చేరని కబురు

రెండో తువ్వాలు కూడా ఎర్రబడింది.

“తల ముందుకు వంచండి పెద్దాయనా, ముక్కు వదలకండి,” అంది ఆసుపత్రి నుంచి స్కూటీ మీద ముందే వచ్చేసిన నర్సు. అంబులెన్స్ ఇంకా దారిలోనే ఉంది.

గుమ్మం దగ్గర కూతురు చెవికి ఫోన్ ఆనించుకుని మండిపడుతోంది. అవతల హోమ్ కేర్ ఆఫీసు. ఎదురుగా, ఆ ఆఫీసు తరఫున రోజూ వచ్చి తండ్రిని చూసుకునే మనిషి. పెద్దాయన రిటైరైన బస్సు డ్రైవరు కదా, అతన్ని ‘కండక్టర్’ అనే పిలుస్తాడు.

“రక్తం పలచబడే మాత్ర ఆపమని మొన్ననే డాక్టరు చెబితే, పొద్దున మళ్లీ ఎలా వేశావ్?”

“నాకెవరూ చెప్పలేదక్కా.”

“చెప్పడమేంటి? ట్యాబ్‌లో ఉంటుందిగా!”

ఆసుపత్రి వాళ్లు రాసింది ఇంటికొచ్చే వాళ్లకు, వీళ్లు రాసింది ఆసుపత్రికి కనబడాలని గోడకు పెట్టించిన ట్యాబ్ అది.

“మేం మొన్ననే పెట్టాం,” అంది నర్సు.

“నాకు రాలేదు. వారంగా ఏదీ రావట్లేదు. ఆఫీసుకి చెబితే ట్యాబ్‌లో చూసుకోమన్నారు.”

“మీరు ట్యాబంటారు, వాళ్లు ట్యాబంటారు! మధ్యలో మా నాన్నకేమైనా అయితే ఆ ట్యాబ్ వచ్చి ఏడుస్తుందా?” కూతురు ఫోన్లోకి అరిచింది. “మీ మనిషిని తీసేయండి. ఇవాళే!”

“లైన్లో ఉండండి మేడం,” అని పాట పెట్టారు.

నర్సు ట్యాబ్ అందుకుని కాసేపు వెతికింది. ఆమె మొహం మారిపోయింది.

“మా రాతలు ఇతనికి కనబడకుండా ఆపేశారు. ఈ ఇంట్లోంచే. వేలిముద్ర వేస్తేగానీ అది ఆగదు. ఆ వీలున్నది ఇద్దరికే. మీకు, పెద్దాయనకు.”

“నేను దాన్ని ముట్టుకోను కూడా!”

పెద్దాయన తువ్వాల్లో మొహం దాచుకున్నాడు.

“నాన్నా?”

“కాళ్లు తూలుతున్నాయి, వీధిలోకి తిప్పొద్దని ఆసుపత్రి వాళ్లు రాస్తామన్నారమ్మా.” ముక్కు మూసుకోవడంతో గొంతు వింతగా వచ్చింది. “సాయంత్రం కండక్టర్‌తో డిపో దాకా ఒక్క ట్రిప్పు. బస్సులు చూసి రావడం. నాకు మిగిలింది అదొక్కటే. ఆ మాట కండక్టర్‌కి తెలియకూడదనుకున్నా. మాత్ర సంగతి కూడా దాంతోపాటే ఆగిపోతుందని నాకేం తెలుసు?”

“నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా!”

“చెప్పబోతే ఏమన్నావ్? ‘ట్యాబ్‌లో రాయి నాన్నా, తర్వాత చూస్తా’ అన్నావు.”

కూతురి కళ్లు నిండిపోయాయి. కండక్టర్ అప్పటికే నేల మీద కూర్చుని పెద్దాయన కాళ్లకు చెప్పులు తొడుగుతున్నాడు. వీధి మలుపులో సైరన్ వినిపించింది.

“నువ్వూ ఎక్కు తమ్ముడూ. నువ్వు లేకుండా నాన్న కదలడు,” అంది కూతురు, అతని మొహంలోకి చూడలేక.

ఫోన్లో పాట ఆగింది. “మేడం, తప్పు మా మనిషిదేగా? తీసేస్తున్నాం.”

ఆమె నోరు తెరిచేలోపు, రక్తం అంటిన చెయ్యి ఫోన్ని దగ్గరకు లాక్కుంది.

“కండక్టర్‌ని దించకండి బాబూ,” అన్నాడు పెద్దాయన. “తప్పు డ్రైవరుది. నాది.”