చుక్కకీ చుక్కకీ మధ్య

“ఇదిగోండి, మీ తెల్లటి పొడి!” అంటూ ఆ అబ్బాయి ఒక సీసాను ల్యాబ్ బల్ల మీద ఠక్కున పెట్టాడు.

సీసాలో ఉన్నది తెల్లగా లేదు సరికదా, పొడిగా కూడా లేదు. తుప్పు రంగులో ముద్దకట్టి అడుగుకి అంటుకుపోయింది. కెమిస్టమ్మాయి సీసా వైపు చూసింది, అతని వైపు చూసింది. రెండింటిలో ఏది ఎక్కువ చిరాకు తెప్పిస్తోందో వెంటనే తేల్చుకోలేకపోయింది.

“ఇంతకీ మీరెవరు?”

“కింద ప్లాంట్‌లో ఇంజినీర్ని. మీరు రాసిచ్చినట్టే చేశామండి. అరగంటలో కలపమన్నారు, కలిపాం. చల్లగా ఉంచమన్నారు, ఉంచాం. ట్యాంకు నిండా ఇదే వచ్చింది. మావాళ్ళు నిన్నట్నించీ గోకుతూనే ఉన్నారు.”

“అయితే మీరే ఎక్కడో పొరపాటు చేసుంటారు.”

“నేనే దగ్గరుండి కళ్ళార్పకుండా చూశాను.”

“మీరు కళ్ళార్పకుండా చూస్తే దాని రంగు మారిపోతుందా?”

“మారిందిగా మరి!”

పక్క బల్లల దగ్గర కిసుక్కుమన్న నవ్వులు వినిపించాయి. ఆమెకు ఒళ్ళు మండింది. మండదూ మరి! ఆ పొడి ఆమె రెండేళ్ళ కష్టం. నొప్పుల మందులో వాడే పదార్థం అది. ఫ్లాస్కులో ఒక ద్రవం పోసి, ఐసు గిన్నెలో కూర్చోబెట్టి, పైనున్న గాజు గరాటు నుంచి రెండో ద్రవాన్ని చుక్కలు చుక్కలుగా వదలాలి. గరాటు కింద ఒక చిన్న కుళాయి, ఫ్లాస్కులో గిరగిరా తిరుగుతూ కలిపే చిన్న అయస్కాంతం, ఒక థర్మామీటరు. ఇంతే సరంజామా. అరచేతిలో పట్టే ఫ్లాస్కులో చేసినన్నాళ్ళూ పొడి మల్లెపువ్వులా తెల్లగా వచ్చింది. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు కదా. ఫ్లాస్కులో బుద్ధిగా ఉన్నది ట్యాంకులోకి వెళ్ళేసరికి పెంకి ఘటమైపోయింది.

ల్యాబ్‌కి పెద్ద అయిన మేడం ఇద్దరినీ గదిలోకి పిలిచింది. ఆవిడను అందరూ పెద్దమేడం అంటారు. ఆవిడ కళ్ళజోడు కళ్ళకన్నా నెత్తి మీదే ఎక్కువసేపు ఉంటుంది.

“రెండు లీటర్ల ఫ్లాస్కులో మళ్ళీ మళ్ళీ చెయ్యమ్మా. నువ్వు వచ్చి చూడు బాబూ. తేడా ఎక్కడ కొడుతోందో ఇద్దరూ కలిసి పట్టుకోండి. ఇంకొక్క ట్యాంకు పాడైందా, ఈ ప్రాజెక్ట్ మూసేస్తారు. అమ్మాయిని టెస్టింగ్ సెక్షన్‌కి మార్చేస్తారు. అప్పుడు నేనేం చెయ్యలేను.”

టెస్టింగ్ సెక్షన్ అంటే ఇతరులు చేసిన సరుకు బాగుందో లేదో చూసి ముద్ర వెయ్యడం. అది తక్కువ పనేం కాదు. కానీ ఆమెకు ఇష్టమైనది చెయ్యడం, చూడటం కాదు. ఇంతవరకూ లేనిదొకటి తన కళ్ళ ముందు ఫ్లాస్కులో తెల్లగా పేరుకుంటుంటే కలిగే సంతోషాన్ని వదులుకుని బతకడం ఆమెకు ఊహకైనా అందలేదు.

అలా ఇంజినీరు మెట్లెక్కి పైకి రావడం మొదలుపెట్టాడు. మొదటిరోజు ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా నిలబడ్డారు.

“ఈ చుక్కలు చూస్తూ కూర్చోడానికి మీకు విసుగు రాదాండీ?”

“మీకు ట్యాంకు చూస్తే వస్తుందా?”

“ట్యాంకు మాట్లాడదు కాబట్టి గొడవ లేదు.”

ఆమెకు నవ్వొచ్చింది కానీ బింకంగా థర్మామీటరు వైపు తిరిగింది. మరోసారి వచ్చినప్పుడు, చిన్నతనంలో తను వాళ్ళమ్మ కుట్టుమిషన్ విప్పి, మళ్ళీ బిగించాక రెండు మరలు మిగిలిపోయిన సంగతి చెప్పాడు.

“తర్వాత మిషన్ పనిచేసిందా?”

“బ్రహ్మాండంగా. వెనక్కి మాత్రమే కుట్టేది.”

ఈసారి బింకం నిలవలేదు. ఆమె ఒక చెయ్యి కుళాయి మీద ఉంచుకుని, రెండో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కిటికీ అవతల వాన పడుతోంది. అతను వానను చూస్తున్నట్టు నటిస్తూ అద్దంలో ఆమె నవ్వును చూశాడు. చుక్కలు అయిపోగానే, “సరే, వస్తానండి,” అని అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఇంతమంది ఉన్న ల్యాబ్ ఉన్నట్టుండి బోసిపోయినట్టు ఎందుకనిపించిందో ఆమె ఆలోచించలేదు. ఐసు గిన్నె కడుక్కుంది.

చిత్రమేమిటంటే, అతను వచ్చిన రోజుల్లో పొడి తెల్లగా వచ్చింది. ప్లాంట్‌లో పని ఉండి రాలేకపోయిన రోజుల్లో తుప్పు రంగు ముద్ద వచ్చింది. ఒకసారి కాదు, ప్రతిసారీ అదే వరస.

ల్యాబ్‌లో వాళ్ళకు అంతకన్నా ఏం కావాలి? “ఇంజినీరు గారి పాదం మంచిదమ్మా. ఒక కుర్చీ వేసి ఇక్కడే కూర్చోబెట్టేద్దాం,” అన్నారు ఒకరు. “ట్యాంకులోనే దింపేస్తే పోలా?” అన్నారు ఇంకొకరు.

“రసాయనాలకి పాదాలేంటి? ఇది ల్యాబా, జాతకాల కొట్టా?” అని ఆమె గయ్యిమంది. “నేను తేలుస్తాను చూడండి.”

తేల్చే పద్ధతి ఆ వృత్తిలో ఒకటే ఉంది. ఒక్కటి మార్చాలి, మిగిలినవన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచాలి. అప్పుడు ఫలితం మారితే, మార్చిన ఆ ఒక్కటే కారణం. ఆమె అవే సీసాలు, అదే ఫ్లాస్కు, అదే చలి, అయస్కాంతం తిరిగే వేగం అన్నీ సరిచూసుకుంది. మార్చేది ఒక్క ఇంజినీరునే.

“అంటే నేనిప్పుడు మీ ప్రయోగంలో వస్తువునా?” అన్నాడతను.

“అవును. మాట్లాడకుండా నిలబడండి.”

“వస్తువు కాబట్టి మాట్లాడకూడదా?”

“ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటారుగా, మాట్లాడండి. ఏదీ మారకూడదు.”

పొద్దున అతనుండగా చేస్తే తెల్లగా వచ్చింది. మధ్యాహ్నం అతన్ని కిందికి తరిమేసి చేస్తే తుప్పు వచ్చింది. ల్యాబంతా చప్పట్లు కొట్టింది. ఆమె తెల్లమొహం వేసింది.

పెద్దమేడం వచ్చి విషయం విని, కళ్ళజోడు కళ్ళ మీదికి దించుకుంది. “మనం ఇంకొకటి మార్చలేదు. ప్రతిసారీ కుళాయి తిప్పింది నువ్వే. ఈసారి అబ్బాయి ఉంటాడు, కుళాయి నేను తిప్పుతాను.”

అతను అక్కడే నిలబడ్డాడు. పెద్దమేడం కుళాయి తిప్పింది. చుక్కలు టకటకా పడ్డాయి. అరగంటలో అయిపోయాయి. అతను ఎదురుగా ఉన్నా సరే, ఫ్లాస్కులో రంగు తిరిగిపోయింది.

పెద్దమేడం చేతి కింద అంత గబగబా పడ్డ చుక్కలను చూశాక అమ్మాయికి ఒక సంగతి తట్టింది. తన చేతి కింద, అతను ఉన్నప్పుడు, చుక్కలు అలా పడలేదు. ఒక చుక్క పడేది. అతనేదో చెప్పేవాడు. తను నవ్వేది. తరువాత ఎప్పటికో ఇంకో చుక్క. అరగంట పని గంటన్నర దాకా సాగేది. కుళాయిని బిగించింది తన వేళ్ళే. ఎందుకు బిగించాయో కూడా ఆ క్షణంలోనే ఆమెకు తెలిసిపోయింది.

మిగిలిన లెక్క తేలికే. చుక్క పడ్డచోట రెండో ద్రవం ఒక్క క్షణం మరీ ఎక్కువవుతుంది, కూరలో ఉప్పంతా ఒకేచోట పడ్డట్టు. అది సర్దుకునేలోపే ఇంకో చుక్క పడితే, తయారైన పొడే మళ్ళీ దానితో కలిసి చెడిపోతుంది. ఫ్లాస్కు పెద్దదయ్యేకొద్దీ సర్దుకోవడానికి ఎక్కువసేపు కావాలి. కారణం దొరికింది. సంతోషించాల్సిన ఆ అమ్మాయి తలనొప్పని చెప్పి ఇంటికి పారిపోయింది.

ఆమె ఉండేది అక్కా బావలతో. అక్క బట్టలు ఇస్త్రీ చేస్తూ అంతా విని, పెట్టెను పక్కన పెట్టి పగలబడి నవ్వింది.

“నవ్వకే! రేపు మీటింగ్. నెమ్మదిగా వెయ్యాలని చెప్పేసి ఊరుకుంటాను.”

“మరి అప్పుడెందుకు నెమ్మదిగా వేశావని అడిగితే?”

“పరధ్యానం అంటాను.”

“రోజూ అన్నం దగ్గర ఇంజినీరిలా అన్నాడు, ఇంజినీరలా అన్నాడు అంటుంటే మీ బావ ఎప్పుడో కనిపెట్టేశారు. నీకే ఆలస్యమైంది. నిజం చెప్తే కొంపేం మునుగుతుందే?”

“ఆయన మనసులో ఏమీ లేకపోతే?”

అక్క నవ్వడం మానేసి చెల్లెలి తల నిమిరింది.

మర్నాడు పెద్దమేడం గదిలో ముగ్గురే కూర్చున్నారు. అమ్మాయి కారణం వివరించింది. పెద్దమేడం మెచ్చుకుంది కానీ అక్కడితో వదల్లేదు.

“అరగంట అని నువ్వే రాశావు. ఆ రోజుల్లో గంటన్నర ఎందుకు పట్టిందమ్మా?”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె చున్నీ సర్దుకుంది. ఇంజినీరు చటుక్కున ముందుకు వంగాడు.

“తప్పు నాదేనండి. నేనే మాటల్లో పెట్టి పని చెడగొట్టాను.”

పెద్దమేడం మొహం గంభీరమైంది. “పనిలో ఉన్న మనిషిని మాటల్లో పెట్టడం మామూలు విషయం కాదు బాబూ. మీ మేనేజర్‌కి రాయాల్సొస్తుంది.”

“రాయండి.”

తన కోసం అతను చెయ్యని తప్పు నెత్తినేసుకుంటున్నాడు. పైగా కారణమే తప్పుగా నమోదవుతోంది. ఆ రెండూ ఆమె భరించలేకపోయింది.

“లేదు మేడం! ఆయన చెడగొట్టలేదు. నేనే కుళాయి బిగించాను.”

“నువ్వా? ఎందుకు?”

“చుక్కలు అయిపోతే ఆయన వెళ్ళిపోతారు కదా.”

పెద్దమేడం కళ్ళజోడు తీసింది, తుడిచింది, మళ్ళీ పెట్టుకుంది.

“సరే. ట్యాంకుకి ఎంతసేపు పడుతుందో లెక్క వెయ్యండి. కాగితం మీద మాత్రం ‘నెమ్మదిగా’ అని రాస్తే చాలు,” అంది.

అమ్మాయి ధైర్యం చేసి తలెత్తేసరికి, ఇంజినీరు కుర్చీలోంచి లేచి, ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోయాడు. మెట్ల మీద అతని బూట్ల చప్పుడు వినిపించింది. అంతే. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా, చేతులు కడుక్కునే గదిలో, నీళ్ళ కుళాయి ధారగా వదిలి.

మర్నాడే ట్యాంకు నడపాలి, ఆమె ధైర్యం కూడగట్టుకుని కిందికి వెళ్ళింది. చుట్టూ పనివాళ్ళు, మోటార్ల రొద. అతను పని మాటలు తప్ప ఏమీ మాట్లాడలేదు. “చలి సరిపోయిందా?” “సరిపోయింది.” “వదలమంటారా?” “వదలండి.” పొద్దున మొదలుపెట్టిన ధార సన్నగా సాయంత్రం దాకా పడుతూనే ఉంది. ట్యాంకుకున్న అద్దపు కిటికీలోంచి ఆమె చూస్తూ నిలబడింది. ప్రాజెక్టు మీద ఉండాల్సిన బెంగలో సగం అతని మౌనం మీదే ఉంది.

కవాటం మూసేశాక అతను టార్చి పట్టుకున్నాడు. లోపల అంతా తెలుపే. అంచు నుంచి అంచు దాకా స్వచ్ఛమైన తెలుపు. పనివాళ్ళు కేకలు వేశారు. ఎవరో పెద్దమేడంకి ఫోన్ చెయ్యడానికి పరుగెత్తారు. మిగిలినవాళ్ళు టీ తాగడానికి కదిలారు.

“నిన్న అలా వెళ్ళిపోయారేం?” అంది ఆమె. అడగకుండా ఉండటం ఇక తనవల్ల కాలేదు.

“నోట మాట రాలేదండి. అక్కడే ఉంటే పెద్దమేడం ముందు ఏం వాగేవాణ్ణో! తిన్నగా మా మేనేజర్ దగ్గరికెళ్ళి నిజం ఒప్పేసుకున్నాను.”

“మీరేం ఒప్పుకున్నారు?”

“నాక్కావలసిన చల్లదనం లెక్కలు మొదటిరోజే అయిపోయాయి. తేడా పట్టుకోడానికైనా అన్నిసార్లు పైకి రావాల్సిన పనే లేదు. చుక్కలు చూడాలని చెప్పి ఊరికే వచ్చేవాణ్ణి. ఆయన నన్ను తిట్టి, ఆ తర్వాత నవ్వి, ఇంట్లో చెప్పావా అన్నారు. రాత్రి అమ్మకి చెప్పాను.”

ఆమె ట్యాంకు పక్కనున్న కమ్మీని గట్టిగా పట్టుకుంది. “మీ అమ్మగారు ఏమన్నారు?”

“ఆ అమ్మాయిని చూడాలంది. ఆదివారం మీ అక్కావాళ్ళింటికి అమ్మని తీసుకుని రావచ్చా?”

“రండి. అక్క ప్రశ్నలతో చంపేస్తుంది మరి.”

“అడగనివ్వండి. ఎంతసేపు కూర్చోవచ్చు?”

ఆమె మనసారా నవ్వింది.

“వెళ్ళమని నేనైతే చెప్పను,” అంది.