మొసళ్లకు ఏ లెన్స్

"ఎవరిది పెళ్లి?" తల ఎత్తకుండానే అడిగాడు బసవరాజు. ఎమ్మిగనూరులో అతని స్టూడియో మెట్లెక్కేవాళ్లంతా పెళ్లికే వస్తారు.

"పెళ్లి కాదన్నా, మొసళ్లు," అంది ఆ అమ్మాయి.

అప్పుడు ఎత్తాడు తల. ఎత్తకపోయి ఉంటే అతనికి ఇంత అవస్థ ఉండేది కాదు.

పేరు భవ్యశ్రీ. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే కేశవులు గారి కూతురు. అండమాన్ దీవుల చుట్టూ తిరిగే ఓడలో టికెట్ ఉందట. మొసళ్లు, డాల్ఫిన్లు, సముద్రపు కొంగలు, అన్నీ ఫోటో తీయాలట. కెమెరా ఉంది, లెన్స్ అద్దెకు కావాలి.

"ఎంతమంది పోతాండారు?"

"ముగ్గురం అనుకున్యాం. ఒకదానికి పెళ్లయింది, ఇంకోదానికి కుదిరింది. నేనొక్కదాన్నే పోతాండా."

నవ్వుతూనే చెప్పింది. అట్లా నవ్వేవాళ్లను అతను ప్రతి పెళ్లిలోనూ చూస్తాడు. గ్రూప్ ఫోటోలో చివర నిలబడతారు.

రెండు లెన్సులు బల్ల మీద పెట్టాడు. ఒకటి మూరెడు పొడుగు, రెండోది అందులో సగం.

"పెద్దది ఇయ్యన్నా. దూరంగా ఉండేవి కనపడాల."

"కనపడతాయి. కానీ ఓడ ఊగుతాది, సెయ్యీ ఊగుతాది. ఇంత బరువు మోసేదానికి పక్కన ఇంకో మనిషి ఉండాల."

అనేసి నాలుక కరుచుకున్నాడు. ఆమె ముఖం చిన్నబోయింది.

"మనిషి లేకున్నా పనికొచ్చేది ఏదో అదే ఇయ్యి."

"వాడి చూసి తీసుకోండి. ఆలూరు దిక్కు చేలల్లో జింకలుంటాయి. ఆటోలో పోదాం. ఆ దారిలో ఆటో ఊగినంత ఓడ కూడా ఊగదు."

ఆదివారం మారెప్ప ఆటోలో వెళ్లారు. పెద్ద లెన్స్‌లో జింక కనిపించినట్టే కనిపించి జారిపోయింది. చిన్నది పట్టుకుని, షట్టర్ స్పీడ్ పెంచి, మోచేయి ఆటో కడ్డీకి ఆనించాక కుదురుకుంది. వేరుశనగ చేలో మేస్తున్న మందలోంచి కొమ్ముల జింక ఒకటి ముందుకొచ్చి ఆగింది. భవ్యశ్రీ ఊపిరి బిగబట్టింది.

సరిగ్గా అప్పుడు, ఇన్నేళ్ల అలవాటు కదా, బసవరాజు చిటికె వేసి, "ఈడ సూడప్పా, కొంచెం నవ్వు," అన్నాడు.

మంద మొత్తం మాయమైంది.

"పెండ్లికొడుకనుకున్యావా అన్నా దాన్ని?" అన్నాడు మారెప్ప.

భవ్యశ్రీ పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది, తుడుచుకుంటూనే ఉంది. బయట చినుకులు మొదలయ్యాయి.

"ఇట్ల నవ్వి శానా రోజులైంది," అంది. "ఇంట్లో ఇంతమంది ఉన్నా పత్తి రేటు తప్ప మాట లేదు. ఓడలో ఆ మాట కూడా ఉండదు."

"నేనూ అంతేనండీ. పొద్దంతా అందర్నీ నవ్వమంటా. రూముకు పోయినాక పలకరించేవాళ్లుండరు."

ఇంకా చెప్పాలనుకున్నాడు. ఆమె షావుకారు బిడ్డ, పైగా తనను నోరారా అన్నా అంటోంది. మింగేశాడు.

చెన్నై రైలు రోజున ఆదోని స్టేషన్‌లో ఆమె ఒక్కతే కూర్చుని ఉంది. తండ్రికి మార్కెట్ వదిలి రావడానికి కుదరలేదు. బసవరాజు వచ్చి లెన్స్‌కు ఉప్పునీళ్లు తగలకుండా వేసే కవరు చేతికిచ్చాడు.

"దీనికోసం అంత దూరం నుంచి వచ్చినావా?"

"కాదు. మిమ్మల్ని సూడాలని వచ్చినా. మీరంటే నాకిష్టం. పోవద్దని సెప్పను. మీరొచ్చేదాకా నాకు పొద్దు పోదు, అంతే."

రైలు వచ్చింది. ఆమె ఎక్కి తలుపు దగ్గర నిలబడింది.

"ఇద్దరం ఒంటరిగా ఉన్నామని ఒకరినొకరం పట్టుకుంటే అది ఎన్నాళ్లుంటాది?" అంది. "అంత సముద్రంలోనూ నువ్వే గుర్తొస్తే, దిగినాక ముందు నీ దగ్గరికే వస్తా. మా నాయనతో నేనే మాట్లాడతా."

"గుర్తు రాకపోతే?"

"లెన్స్ కొరియర్‌లో వస్తాది."

రైలు వెళ్లిపోయింది. ఓడలో సిగ్నల్ లేదు. కింద కొరియర్ బండి ఆగినప్పుడల్లా బసవరాజు గుండె ఆగింది. అన్నం సహించలేదు. పెళ్లిళ్లలో నవ్వమని చెప్పడం కూడా మరిచిపోయాడు.

ఒక మధ్యాహ్నం గుమ్మంలో నీడ పడింది. భవ్యశ్రీ. ఎండకు బాగా నల్లబడింది. లెన్స్ సంచీ భుజాన ఉంది, ప్రయాణపు బ్యాగు ఇంకా చేతిలోనే ఉంది.

అతను లేచి నిలబడ్డాడు.

"ఒక్కదాన్నే ఉండగలనని తెలిసింది, బసవరాజూ," అంది ఆమె. "కానీ ఉండబుద్ధి కాలేదు."