జానెడు మనుషుల గుట్ట

ఆ వేసవి మొదట్లో కిరీటి చేతిలో ఉన్నవి మూడు: కొండపల్లి అవతల ఒక రాతి క్వారీ, ఒక పాత పొక్లెయిన్, పక్క గుట్ట కూడా తనకే లీజుకొస్తుందన్న ఆశ. ముప్పైనాలుగేళ్ళకే వచ్చిన నడుంనొప్పిని ఎవరూ ఆస్తి కింద రాసుకోరు.

ఆశకు అడ్డొచ్చింది పురావస్తుశాఖ చదువుతున్న వినీల. గుట్టమీది రాతి వలయం వేల ఏళ్ళ నాటి సమాధి అని ఆమె రీసెర్చ్‌లో తేలితే లీజు ఉండదు.

"నిప్పుల వాన కురుస్తుందని భయపడి జానెడు మనుషులు కట్టుకున్న ఇల్లండీ అది. మా నాయనమ్మ చెప్పేది," అన్నాడు కిరీటి తొలిరోజే.

"జానెడు మనుషులు ఇంతేసి బండలెలా ఎత్తారట?"

"పొక్లెయిన్ అద్దెకు తెచ్చుకునుంటారు."

నవ్వకూడదనుకుంటూనే వినీల నవ్వేసింది. ఆ నవ్వు దగ్గరే కిరీటికి బేరం తప్పింది.

"సోమవారం మా ప్రొఫెసర్ గారొస్తున్నారు. అంతదాకా కాస్త చూస్తుండండి," అని చెప్పి ఆమె విజయవాడ వెళ్ళింది.

చూడడమంటే కిరీటికి తెలిసింది ఒకటే. రాయి కొనే పార్టీ వస్తోందంటే యార్డు సర్దాలి. ఆదివారమంతా ఎండలో నిలబడి, ఒరిగిన రాళ్ళన్నీ పొక్లెయిన్‌తో లేపించి, ముచ్చటగా గుండ్రంగా పేర్పించాడు.

సోమవారం పొద్దున్నే గుట్టెక్కిన వినీల అక్కడే కూలబడింది.

"ఏ రాయి ఎక్కడుంది, ఎటు ఒరిగిందన్నదే మాకు సాక్ష్యం. ఇంకా డ్రాయింగ్ కూడా వేయలేదు. ఇప్పుడిది పార్కు! లీజు కోసం కావాలనే చేశారు కదూ?"

"మీరు మెచ్చుకుంటారని చేశానండీ."

ఆమె నమ్మలేదు. నోరు మూసుకుంటే గుట్ట కిరీటిదే. అయినా అతను జేబులోంచి నలిగిన నోట్‌బుక్ తీశాడు.

"ప్రతి రాయికీ అడుగున నంబరుంది, ఎటు ఒరిగిందో బాణం గుర్తుంది. లేపిన చోట మేకు కొట్టించా. క్వారీ అలవాటండీ, నంబరు వేయకుండా మేం రాయి కదపం."

"ఇది నాకిస్తే గుట్ట పోతుంది. తెలుసా?"

"తెలుసు. మనసు మారేలోపు తీసుకోండి."

ప్రొఫెసర్‌ని పదిరోజులు ఆగమన్నారు. ఆలోపు నోట్‌బుక్ చూసి రాళ్ళన్నీ మళ్ళీ పాత చోట్లకే చేర్చాలి. మెషీన్ వద్దంది వినీల. గడ్డపారలు, మోకులు, నలుగురు కూలీలు. మధ్యాహ్నాలు మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు. ఒకే సీసాలో నీళ్ళు తాగి, ఒకే నీడలో కళ్ళు మూసుకునేవారు. ఓసారి ఆమె తల అతని భుజం మీదికి వాలింది. ఆమె లేచేదాకా కిరీటి దగ్గు కూడా ఆపుకున్నాడు.

తొమ్మిదో రోజు ఆఖరి బండ తన చోట కూర్చునేసరికి వాన మొదలైంది. కూలీలు పరిగెత్తారు. వీళ్ళిద్దరికీ లేచే శక్తి లేదు.

"రేపట్నుంచి పనుండదు. నేను మీ దగ్గరికి ఏమని రావాలండీ?" అన్నాడు కిరీటి.

"ఆదివారం చర్చి అయ్యాక ఇంటికి రండి. మా అమ్మకేం చెప్పాలో మీరే చూసుకోండి."

"గుట్ట పోగొట్టుకున్నవాడికి పిల్లనిస్తారా?"

"అది అమ్మిష్టం. నేను మాత్రం వస్తా కిరీటీ." అండీలు, గార్లు వానలో కొట్టుకుపోయాయి.

రిపోర్టులో కదిలిన మట్టిని కదిలిందనే రాసి, ప్రొఫెసర్ ఆ వలయం పాత సమాధేనని ఒప్పుకున్నారు. గుట్ట చుట్టూ కంచె పడింది.

ఆదివారం వినీల తల్లి తెరేసమ్మ అన్నం వడ్డిస్తూ అతని బొబ్బలెక్కిన చేతులు చూసింది. "మా పిల్ల రాళ్ళ వెంట తిరుగుద్ది బాబూ. తట్టుకోగలవా?"

"నాదీ రాళ్ళ యాపారమేగా అండీ."

ఆమె ఇంకో గరిటె పప్పు వేసింది.

పోయింది గుట్ట. దక్కింది వినీల. మిగిలిన అలసట ఇద్దరికీ చెరిసగం.