నాలుగు నిమిషాల్లో లేని మనిషి

ఆదివారం పొద్దున్నే సత్యప్రసాద్ పెసరట్టు పళ్ళెం చేత్తో పట్టుకుని హాల్లోకీ వీధిలోకీ తిరుగుతున్నాడు. పదింటికి వడ్రంగులు వస్తారు. ఇంటి ముందుగదిలోని నగల కొట్లో తండ్రి వీరబ్రహ్మం కూర్చుని నగలు చేసే కుంపటి తీయించి, అద్దాల కౌంటర్ పెట్టించాలి. ఆ మాట తండ్రికింకా చెప్పలేదు.

"కూర్చుని తినండి. తిరుగుతూ తింటే ఒంటికి పట్టదు," అంది భార్య లోవలక్ష్మి.

"నా ఒంటికి ఏది పట్టింది గనక! పావనీ, అయిందా?"

కూతురు పావని రాజమండ్రిలోనే ఎం.సి.ఏ. ఆఖరి సంవత్సరం చదువుతోంది. కొట్లో కెమెరా రోజంతా తీసిన వీడియోని కంప్యూటరే కుదించి, అవసరమైన ముక్కలు మాత్రం చూపించేలా ప్రోగ్రాం రాయడం ఆమె ప్రాజెక్టు. నిన్నటి పది గంటల వీడియో నాలుగు నిమిషాలైంది.

సత్యప్రసాద్ తండ్రిని పిలిచి మానిటర్ ముందు కూర్చోబెట్టాడు. పనిమనిషి పాపాయి తుడిచింది. మొగల్తూరు పెళ్ళివారు వచ్చి వెళ్ళారు. వీరబ్రహ్మం రెండుసార్లు టీకి లేచాడు. అంతే.

"చూశావా నాన్నా? పది గంటల్లో నువ్వు చేసింది రెండు టీలు. నేనన్నది కాదు, మిషను చెబుతోంది. ఎనిమిదో క్లాసులో బడి మాన్పించి నన్నా కుంపటి ముందు కూలేశావు. ఏం మిగిలింది? రెడీమేడ్ గొలుసులు అమ్ముతున్నాను కాబట్టి నాలుగు మెతుకులు తింటున్నాం. ఇన్నాళ్ళలో ఒక్క గొలుసు తిరిగొచ్చిందా? వడ్రంగులొస్తున్నారు. కుంపటి తీసేస్తున్నాను."

"మావయ్యగారితో మాట్లాడే తీరేనా అది?" లోవలక్ష్మి గొంతు లేచింది.

"మిషనే చెప్పాక ఇంకేముందమ్మా," అంటూ వీరబ్రహ్మం ఊదుగొట్టం గుడ్డలో చుట్టుకోవడానికి లేచాడు.

పావని మొహం పాలిపోయింది. "ఆగు నాన్నా! తప్పు నా ప్రోగ్రాంది. పెద్దగా కదలనిదాన్ని అది గోడ కింద జమకట్టేస్తుంది. తాతయ్యని కూడా గోడే అనుకుంది."

అసలు వీడియో పెట్టింది. మధ్యాహ్నం పన్నెండు. వీరబ్రహ్మం వంగి కూర్చున్నాడు. వేళ్ళ కొసలు తప్ప ఏదీ కదలడం లేదు. ఊదుగొట్టం చివర సన్నటి మంట. గంట ముందుకు జరిపినా అదే మనిషి, అదే వంపు. పక్కన ఎర్రమూత డబ్బా.

ఆ డబ్బా సత్యప్రసాద్‌కి తెలుసు. తను మొన్న తెచ్చిన రెడీమేడ్ గొలుసులవి. తండ్రి ఒక్కొక్కటే తీసి, కొక్కెం దగ్గర టంకం మళ్ళీ పెట్టి, లాగి చూసి, డబ్బాలో వేస్తున్నాడు.

"ఇదెప్పట్నుంచి నాన్నా?"

"నువ్వు తెచ్చిన మొదటి డబ్బా నుంచి. ఆ కొక్కేలు నిలవవురా. ఆడకూతుళ్ళ మెళ్ళోంచి జారిపోతే మన కొట్టుని తిట్టుకుంటారు."

"నాతో చెప్పచ్చుగా!"

"నువ్వు నాతో మాట్లాడి ఎన్నాళ్ళయింది?"

సత్యప్రసాద్ పళ్ళెం మీదికి తలొంచాడు. కళ్ళనీళ్ళు పెసరట్టు మీద పడుతున్నాయి.

గుమ్మంలో వడ్రంగులు నిలబడ్డారు. "కౌంటర్ ఎక్కడ పెట్టమంటారండీ?"

"కౌంటర్ వద్దులే," అన్నాడు మొహం తుడుచుకుంటూ. "నాకో పీట చేసి పెట్టండి. నాన్నకి ఎదురుగా వేసుకునేది."

మంగళవారం పావని సోమవారపు వీడియోని మళ్ళీ అదే ప్రోగ్రాంలో వేసింది. పాపాయి తుడిచింది. లోవలక్ష్మి గొలుసులు చూపించింది.

కుంపటికి అటూ ఇటూ కూర్చున్న తండ్రీకొడుకులిద్దరూ అందులో ఎక్కడా లేరు.