అమ్మమ్మ కుర్చీ పక్క దీపం

"ఏమండీ కాదుగారూ! మూడోసారి కూడా కాదేనా?"

గొడుగైనా ముడవకుండా అతను నేరుగా ఆమె బల్ల దగ్గరికే వచ్చాడు.

ఇళ్లలో దీపాలను నడిపే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కొందరు ఔత్సాహికులు వారానికోసారి ఈ గదిలో కూర్చుని చక్కదిద్దుతారు. కొత్త వెర్షన్‌లో ఎవరు ఏ ప్రయోగమైనా చేసుకోవచ్చు. జనం ఇళ్లలో నడిచే స్టేబుల్ వెర్షన్‌లోకి మాత్రం ఏ ఫిక్స్, అంటే ఏ సవరణ, వెళ్లాలో ఆమే తేల్చాలి. చాలావాటిని కాదంటుంది కాబట్టి ఆమెకు 'కాదుగారు' అన్న పేరు ఖాయమైపోయింది.

"అరవకండి తొందరబాబూ. ఫిక్స్ చిన్నదై ఉండాలి, కొత్త వెర్షన్‌లో వాడి చూసి బాగా నలిగి ఉండాలి, నిజంగా ఎవరికో ఇబ్బంది కలుగుతుండాలి. రూల్సు తెలుసుగా?"

"చిన్నదే, నలిగిందే! సాఫ్ట్‌వేర్‌లోంచి ఇంట్లో ఒక మనిషి పేరు తీసేసినా, ఆ మనిషి దీపం రోజూ పాత వేళకే దానంతటదే వెలుగుతోందండీ. దయ్యాలకి కూడా మనమే సర్వీసివ్వాలా?"

ఆమె ముఖం పాలిపోయింది. అతని నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"నాతో రండి," అంది.

ఒకే గొడుగు కింద ఇద్దరూ చెరిసగం తడుస్తూ నడిచారు. మామూలు రోజైతే, అతనింత దగ్గరగా నడుస్తున్నందుకు ఆమె లోలోపల మురిసిపోయేది. ఆమె ఇంటికి తాళం వేసి ఉంది. చీకటి పడుతుండగా, ఎవరూ లేని ఆ ఇంటి కిటికీలో దీపం వెలిగింది. దాని పక్కన ఖాళీ కుర్చీ.

"అమ్మమ్మది. పోయి ఏడాది కావొస్తోంది. తన పేరు నాన్న తీసేశారు. నేనొచ్చేదాకా దీపం వేసుకుని కూర్చునేది. నేను భద్రంగా చేరానని నమ్మకం కుదిరాకే తన చేత్తో ఆర్పేది. ఇప్పుడు ఆర్పేవాళ్లు లేరు. అలా వెలుగుతూనే ఉంటుంది."

"నా ఫిక్స్ వెనక్కి తీసేసుకుంటాను," అన్నాడు మెల్లగా.

ఆమెకు సరే అనాలనే ఉంది. కానీ ఫోన్ తీసి, సాఫ్ట్‌వేర్ వాడే ఒకావిడ నుంచి నిన్న వచ్చిన మెసేజ్ చదివింది. "'విడిపోయిన నా భర్త పేరు తీసేసినా వాడి గది దీపం రోజూ వెలుగుతోంది. వాడు మళ్లీ ఇంట్లో దూరాడేమోనని గుండె ఆగిపోతోంది. ఎవరైనా బాగుచెయ్యండి.' ఇది చదివి కూడా కాదన్నాను. నాకోసం."

అక్కడే, వానలో నిలబడి, ఫిక్స్‌కు సరే కొట్టింది.

"అది విడుదలైన రోజు ఒక్కరే ఇంటికి వెళ్లకండి. నేనూ వస్తాను," అన్నాడతను.

ఆ రోజూ వానే. పొద్దున తన చేత్తోనే ఇంట్లో దాన్ని ఎక్కించి, తాళం వేసి వెళ్లింది. సాయంత్రం మలుపు తిరిగేసరికి కిటికీ వెలుగుతోంది.

ఊళ్లో లేని నాన్నకు ఫోన్ చేసి బతిమాలి, ఇంకో తాళంచెవి ఎక్కడుందో కనుక్కుని అతనే వెలిగించి ఉంటాడు. పిచ్చి మనిషి! ఇతన్ని ప్రేమించకుండా ఉండడం ఇక తన వల్ల కాదనుకుంది.

"ఏమండీ, ఆగండి! వస్తున్నా!"

వెనక నుంచి గొడుగుతో పరిగెత్తుకొస్తున్నాడు.

ఆమె గిరుక్కున వెనక్కి తిరిగింది. "మీరు లోపల లేరా?"

"తాళం మీ దగ్గరే కదా? మీ నాన్నగారు ఊళ్లో లేరన్నారుగా?"

తలుపు తీశారు. ఎవరూ లేరు. అతను లాప్‌టాప్ తెరిచి చూశాడు. ఆ దీపాన్ని వెలిగించమని ఎవరి పేరు మీదా ఏ కమాండూ వెళ్లలేదు. కుర్చీ మీది దిండు మాత్రం, ఎవరో ఇప్పుడే లేచినట్టు నొక్కుకుపోయి ఉంది.

పారిపోతాడనుకుంది. కానీ అతను చేతులు కట్టుకుని కుర్చీ ముందు నిలబడ్డాడు.

"అమ్మమ్మగారూ, మీ మనవరాలంటే నాకు ప్రాణం. తనకింకా చెప్పలేదు, ముందు మీకే చెబుతున్నా. ఇకమీదట చీకటి పడితే నేనే ఇంటికి చేరుస్తాను. మీరేమంటారు?"

దీపం ఆరిపోయింది.

"చచ్చాం. ఈవిడా కాదనేశారు," అన్నాడతను.

చీకట్లో ఆమె అతని చెయ్యి వెతికి పట్టుకుంది. ఏడుస్తూనే నవ్వింది.

"ఒప్పుకుంది. నేను భద్రంగా చేరానని నమ్మకం కుదిరాకే ఆర్పేదని చెప్పానుగా?"